ఒకే ఇల్లు, ఒకే రొంప. ఒకరికి రెండు తుమ్ములు, ఇంకొకరికి మంచం. ముక్కు లోపల తేడా ఎక్కడ?

కాకినాడ కాజా | సోమవారం, రాత్రి 9:14

చిన్నోడు బడి నుంచి రొంప పట్టుకొచ్చాడు. వాడు ముక్కు తుడుచుకుంటూనే క్రికెట్‌కి పోయాడు. మా ఆవిడ రెండు తుమ్ములు తుమ్మి తన పనిలో పడిపోయింది. నాకు మాత్రం తల దిమ్ము, ముక్కు దిబ్బడ, కళ్ల వెంట నీళ్లు, ఆఫీసుకి సెలవు. మా అత్తయ్యగారికి ఛాతీలోకి దిగి పిల్లికూతలు మొదలయ్యాయి.

అందరికీ సోకింది ఒకే వైరస్ అనుకుందాం. మరి ఇంత తేడా ఎందుకు? ఎవరినడిగినా ‘ఇమ్యూనిటీ’ అనేసి చేతులు దులుపుకుంటున్నారు. నాకు ఆ మాట చాలదు. వైరస్ ముక్కులోకి వెళ్లాక అక్కడి కణాలు ఏం చేస్తాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దు బాబోయ్.

పులిహోర పొట్లం | 9:20

మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు. ఇంకేముంది, థ్రెడ్ మూసేయండి.

గోదారి గట్టు | 9:31

పొట్లం, నీకు ప్రతిదీ వెటకారమే. పెద్దాళ్లు ‘పడిశం పది రోగాల పెట్టు’ అని ఊరికే అనలేదు. కాజా గారూ, ముందు మీ అత్తయ్యగారిని డాక్టరుకి చూపించండి. పిల్లికూతలు వస్తున్నాయంటే అది ముక్కుతో ఆగిన వ్యవహారం కాదు. కణాల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

కాకినాడ కాజా | 9:36

రేపు పొద్దున్నే అపాయింట్‌మెంట్ ఉందండీ. థాంక్స్.

ల్యాబ్ కోటు | 10:22

నేను పనిచేసేది శ్వాసమార్గపు కణాల మీదే కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

ముక్కు లోపలి పొరలో ముఖ్యంగా మూడు రకాల కణాలుంటాయి. పైభాగంలో ఎక్కువగా శైలికలున్న కణాలు. ఒక్కో కణానికి సుమారు 200 శైలికలు, అంటే కంటికి కనపడనంత సన్నటి కదిలే పోగులు. వాటి మధ్యమధ్యలో చీమిడి తయారుచేసే గోబ్లెట్ కణాలు. అడుగున బేసల్ కణాలు. పైన ఏవైనా చచ్చిపోతే వాటి చోటు భర్తీ చేసేవి ఈ అడుగువే. శైలికలు సెకనుకి 10 నుంచి 20 సార్లు కొట్టుకుంటూ చీమిడి పొరని గొంతు వైపు నెడుతుంటాయి. నిమిషానికి 5 మిల్లీమీటర్లు, అంతకంటే కొంచెం ఎక్కువ. జలుబు లేని రోజు కూడా మనం దాన్ని తెలియకుండా మింగుతూనే ఉంటాం. భోంచేస్తూ చదువుతున్నవాళ్లు క్షమించాలి.

జలుబుల్లో సగం దాకా రైనోవైరస్‌లవే. ఏ, బీ, సీ అని మూడు జాతులు, మొత్తం 160కి పైగా రకాలు. 30 నానోమీటర్ల ప్రొటీన్ గూడు, అందులో సుమారు 7,200 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు రాత. అంతకు మించి దాని దగ్గర ఏమీ లేదు. లోపలికి దూరడానికి కణం మీదున్న ఏదో ఒక ప్రొటీన్‌ని పట్టుకోవాలి. ఏ, బీ రకాల్లో ఎక్కువ శాతం ఐకామ్-1ని పట్టుకుంటాయి. కొన్ని ఎల్‌డీఎల్ రిసెప్టర్‌ని పట్టుకుంటాయి. కొలెస్ట్రాల్‌ని కణంలోకి చేరవేసేది అదే. సీ రకానివి సీడీహెచ్‌ఆర్3 అనేదాన్ని పట్టుకుంటాయి. అది శైలికలున్న కణాల మీదే ఉంటుంది.

ఇక అసలు కథ. లోపలికి వెళ్లిన వైరస్ తన ఆర్‌ఎన్‌ఏని కాపీలు తీసుకునేటప్పుడు రెండు పోగులు పెనవేసుకున్న ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. అంత పొడవాటిది మన కణాల్లో మామూలుగా ఉండదు. ఎండీఏ5 లాంటి కాపలా ప్రొటీన్లు దానికి తగులుకోగానే ఇది బయటి సరుకని తెలిసిపోతుంది. సంకేతం కేంద్రకానికి వెళ్తుంది, కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రొటీన్‌ని తయారుచేసి బయటికి వదులుతుంది. ముక్కు పొరలో ముఖ్యంగా బీటా, లాంబ్డా అనే రకాలు. అది తగిలిన ప్రతి కణంలోనూ కొన్ని వందల జన్యువులు పని మొదలుపెడతాయి. వైరస్ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసేవి కొన్ని, వైరస్ ప్రొటీన్లు తయారవకుండా ఆపేవి కొన్ని, అసలు లోపలికే రానివ్వనివి ఇంకొన్ని. గమనించాల్సిందేమిటంటే, వైరస్ ఇంకా చేరని పక్క కణాలు కూడా ముందే సిద్ధమైపోతాయి.

మీ ఇంట్లో తేడాకి ఒక పెద్ద కారణం ఇక్కడే ఉంది కాజా గారూ. ఇంటర్‌ఫెరాన్ ముందు పారిందా, వైరస్ ముందు పాకిందా అన్నదే లెక్క. అది తొందరగా వస్తే వైరస్ కొద్ది కణాలతో ఆగిపోతుంది. ఆలస్యమైతే ఇంకో బాపతు స్పందన ఎక్కువవుతుంది. దాని గురించి రేపు రాస్తాను, కళ్లు మూతలు పడుతున్నాయి.

బడిపంతులు | మంగళవారం, ఉదయం 6:48

చాలా బాగా చెప్పారు సార్. ఒక సందేహం. నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకి జీవశాస్త్రం చెప్తాను. క్రిములతో పోరాడేది తెల్ల రక్తకణాలు, చర్మమూ ముక్కు పొరా కేవలం అడ్డుగోడలు అనే పిల్లలకి చెప్తూ వస్తున్నాం. మీరేమో ముక్కు కణాలే పోరాడతాయంటున్నారు. తెల్ల కణాలు రాకముందే ఇదంతా జరుగుతుందా? లేక అవి వచ్చి చేయిస్తాయా?

ల్యాబ్ కోటు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

పంతులు గారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. తెల్ల కణాలు ఒక్కటి కూడా లేకుండానే జరుగుతుంది. ఎలా తెలుసంటే, వాటిని పక్కన పెట్టి చూడగలం కాబట్టి.

ముక్కులోంచి చిన్న బ్రష్‌తో కణాలు గీసి తీస్తారు. వాటిని సన్నటి రంధ్రాలున్న పొర మీద పెంచుతాం. ఆ పొర ఒక చిన్న ప్లాస్టిక్ కప్పుకి అడుగులా ఉంటుంది. నేను వాడేవి చొక్కా గుండీ కంటే చిన్నవి. మొదట పైనా కిందా పోషక ద్రవం పోస్తాం. కణాలు పొరంతా పరుచుకున్నాక పైనున్న ద్రవం తీసేసి కేవలం అడుగు నుంచే ఆహారం ఇస్తాం. ముక్కులో ఉన్నట్టే ఇప్పుడు వాటికి పైన గాలి, కింద తడి. తర్వాత ఓపిక పట్టాలి, సుమారు నాలుగు వారాలు. మొదట్లో మైక్రోస్కోపులో చూస్తే చప్పగా, గులకరాళ్లు పరిచినట్టు ఉంటుంది. ఒకరోజు ఓ మూల ఏదో మిణుకుమన్నట్టు కదులుతుంది. శైలికలు మొలిచాయన్నమాట. ఇంకొన్నాళ్లకి కప్పు మొత్తం, వరిచేను మీద గాలి వీచినట్టు, అలలు అలలుగా ఊగుతుంది. పైన చీమిడి కూడా చేరుతుంది. మధ్యమధ్యలో ఉప్పునీళ్లతో కడగకపోతే జిగురు కట్టేస్తుంది. కడిగిన నీళ్లు పిపెట్‌లోకి తీస్తుంటే తీగలా సాగుతుంది. కొత్తగా చేరిన పిల్లలు మొహం తిప్పుకుంటారు.

ఆ కప్పులో రక్తం లేదు, తెల్ల కణాలు లేవు. వైరస్ వేస్తే చాలు, ఇంటర్‌ఫెరాన్ వస్తుంది, పక్క కణాలు సిద్ధమవుతాయి, వైరస్ పెరుగుదల తగ్గుతుంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫాక్స్‌మన్ బృందం ఇలాంటి ముక్కు కణజాలంలోనే ఇంటర్‌ఫెరాన్ దారిని మందులతో మూసేసి చూసింది. వైరస్ చాలా ఎక్కువ కణాలకి పాకింది, పొర దెబ్బతింది. చీమిడి, వాపు తెప్పించే సంకేతాలు కూడా విపరీతంగా పెరిగాయి. నిన్న నేను రెండో బాపతు అన్నది ఇదే.

కాబట్టి పిల్లలకి ‘అడ్డుగోడ’ అని మాత్రం చెప్పి వదలకండి. తెల్ల కణాల్ని పిలిచేది కూడా ఈ పొరే.

ఇంజినీరు బాబు | మంగళవారం, 3:40

అన్నా, లాజిక్ ఎక్కడో తన్నుతోంది. వైరస్ కొద్ది కణాల్నే పట్టిందంటున్నారు. అంత కొంచెం డ్యామేజీకి కాజా గారు ఆఫీసు మానేసేంత రొంప ఎందుకొస్తుంది?

ల్యాబ్ కోటు | 6:15

ఎందుకంటే ఆ బాధలో ఎక్కువ భాగం వైరస్ చేసిన డ్యామేజీ కాదు తమ్ముడూ. 1980లలో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లకి రైనోవైరస్ ఎక్కించి, ముక్కులోంచి చిన్న ముక్కలు తీసి చూశారు. పొర దాదాపు చెక్కుచెదరలేదు. వైరస్ ఉన్న కణాలు అక్కడొకటి ఇక్కడొకటి. ఫ్లూ అలా కాదు, అది పొరని ఊడగొడుతుంది.

మరి ముక్కు కారడం, దిబ్బడ ఎక్కడివి? వైరస్ సోకిన కణాలు ఐఎల్-8 లాంటి సంకేతాలు వదులుతాయి. వాటి వాసన పట్టుకుని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వస్తాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు ఊరుతుంది. బ్రాడీకైనిన్ అనే వాపు తెప్పించే పదార్థం తయారవుతుంది. 1988లో ఏ జలుబూ లేనివాళ్ల ముక్కుల్లో బ్రాడీకైనిన్ మాత్రమే కొట్టి చూశారు. ముక్కు దిబ్బడా వచ్చింది, గొంతునొప్పీ వచ్చింది. వైరస్ ఊసే లేదు!

ఇంకోటి, దిబ్బడ అంటే చీమిడి అడ్డుపడిందని అందరూ బలంగా చీదుతుంటారు. ముఖ్యంగా జరిగేది ముక్కు లోపలి మెత్తటి మడతల్లో రక్తనాళాలు నిండి ఉబ్బడం. చీదితే పోయేది కాదది.

ఇంజినీరు బాబు | 6:32

అంటే ఇమ్యూనిటీ ఎక్కువైతే జలుబు ఇంకా ఎక్కువా? మరి ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని డబ్బాలమ్మేవాళ్లు ఏం బూస్ట్ చేస్తున్నట్టు?

పులిహోర పొట్లం | 6:33

వాళ్ల బ్యాంకు బ్యాలెన్సు.

ల్యాబ్ కోటు | 6:50

ఇమ్యూనిటీ అనేది గుండ్రటి మీట కాదు, పెంచడానికీ తగ్గించడానికీ. ఇంటర్‌ఫెరాన్ తొందరగా రావాలి, పని కాగానే ఆగిపోవాలి. వాపు తెప్పించేది మితంగా ఉండాలి. ఒకదాన్ని పెంచేది రెండోదాన్ని కూడా పెంచితే మనకి ఒరిగేదేమీ లేదు. రైనోవైరస్ సోకినవాళ్లలో నాలుగో వంతు మందికి లక్షణాలే కనపడవు. వాళ్ల ఇమ్యూనిటీ ‘బూస్ట్’ అయిందనాలా, లేక హడావుడి చేయలేదనాలా? వాళ్లు ఏ డబ్బా వాడారో కూడా ఎవరూ రాయలేదు మరి.

ఆరోగ్యభాగ్యం_హోల్‌సేల్ | 7:02

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | 7:10

పొడులు, కషాయాలు, డిస్కౌంట్ కూపన్లు ఇక్కడ వద్దు. ఇంకోసారి పెడితే ఖాతా మూసేస్తాం.

సెలైన్ సుజాత | 9:25

స్టాఫ్ నర్సుని. రోజూ ఓపీలో చూసేది చెప్తాను. ‘చీమిడి పచ్చగా అయిందండీ, ఇన్‌ఫెక్షన్ ముదిరింది, యాంటీబయాటిక్ రాయించండి’ అని వస్తారు. రాయకపోతే డాక్టరుకి ఏమీ తెలీదని బయటికెళ్లి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుంటారు. ఒకాయన మూడు మాత్రలు మింగి తగ్గిందని మానేసి, మిగతావి మనవరాలి కోసం దాచిపెట్టాడు. ఆ పచ్చదనం ఎందుకొస్తుందో ల్యాబ్ కోటు గారు ఇక్కడ రాస్తే నేను ఫోటో తీసి మా వార్డులో అందరికీ చూపిస్తాను.

ల్యాబ్ కోటు | 9:58

సుజాత గారూ, తీసుకోండి. ఇంతకుముందు చెప్పిన న్యూట్రోఫిల్స్‌లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. దాని రంగే ఆకుపచ్చ. చీమిడిలో అవి గుంపుగా చేరితే పసుపు, ఆకుపచ్చ వస్తాయి. మామూలు వైరస్ జలుబులో కూడా రెండో మూడో రోజుకి అలా మారొచ్చు. రంగు చూసి బాక్టీరియా అనడానికి లేదు. యాంటీబయాటిక్‌కి వైరస్‌ని చంపే శక్తి లేదు. జ్వరం తగ్గకపోతే, ఒకవైపు మొహం నొప్పి బాగా ఉంటే, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడితే, లేదా పది రోజులు దాటినా అలాగే ఉంటే అప్పుడు డాక్టరు చూసి తేల్చాలి.

మిన్నియాపోలిస్ మామయ్య | బుధవారం, ఉదయం 7:30

ఇక్కడ జనవరిలో మైనస్ 20. చలికి జలుబు రాదు, వైరస్ వల్లే వస్తుందని నేను మా అమ్మకి వీడియో కాల్‌లో లెక్చర్ ఇస్తాను. ఆవిడేమో ‘నువ్వు ముందు టోపీ పెట్టుకో’ అంటుంది. ఈ గొడవ ఏళ్లుగా తెగట్లేదు. తీర్పు చెప్పండి.

గోదారి గట్టు | 8:05

అమ్మే కరెక్టు. దీనికి ల్యాబ్ ఎందుకు?

ల్యాబ్ కోటు | 1:20

ఇది చాలా పాత తగువు. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ దగ్గర 1946లో కామన్ కోల్డ్ యూనిట్ అని పెట్టారు. 1980ల చివరిదాకా నడిచింది. జనం స్వచ్ఛందంగా వచ్చి ఉండేవాళ్లు, వాళ్ల ముక్కులో వైరస్ చుక్కలు వేసేవాళ్లు. కొందరిని తడిపి చల్లగాలి కొట్టే వరండాల్లో నిలబెట్టారు కూడా. చలికి జలుబులు పెరగలేదు. ‘చలికీ జలుబుకీ సంబంధం లేదు’ అన్న మాటకి బలం అక్కడి నుంచే వచ్చింది.

తమాషా ఏమిటంటే, రైనోవైరస్‌ని ల్యాబ్‌లో సరిగ్గా పెంచగలిగింది కూడా అక్కడి డేవిడ్ టిరెల్ వాళ్లే, 1960లో. 37 డిగ్రీల్లో మొండికేసిన వైరస్ 33 డిగ్రీలకి తగ్గించగానే పెరిగింది. మన ముక్కు లోపల ఉండేది సుమారు ఆ వేడే. ఊపిరితిత్తుల లోతుల్లో 37.

చాలాకాలం ఇది వైరస్ ఇష్టాయిష్టాల సంగతి అనుకున్నారు. 2015లో యేల్‌లోనే ఫాక్స్‌మన్, అకికో ఇవసాకి కలిసి ఎలుకల శ్వాసమార్గ కణాల్లో చూస్తే కథ తిరగబడింది. 33లో కంటే 37లో కణాల ఇంటర్‌ఫెరాన్ స్పందన బలంగా ఉంది. ఆ స్పందనని తీసేస్తే 37లో కూడా వైరస్ బాగానే పెరిగింది. అంటే చల్లటి చోట వైరస్ బలపడటం ఒక్కటే కాదు, కణం మందగించడం కూడా ఉంది. మరుసటి ఏడాది మనిషి కణాల్లో చూస్తే, 37లో వైరస్ సోకిన కణం తొందరగా తనను తాను చంపుకుంటుందనీ, ఆర్‌ఎన్‌ఏని నరికే ఎంజైము కూడా ఎక్కువ పనిచేస్తుందనీ తేలింది. ఇంటర్‌ఫెరాన్ కాకుండా ఇవి వేరే దారులు.

2022లో బోస్టన్‌లో ఇంకోటి వచ్చింది. 4 డిగ్రీల చలిలో పావుగంట ఉంచితే ముక్కు లోపల వేడి సుమారు 5 డిగ్రీలు పడిపోయింది. ముక్కు కణాలు వైరస్‌ని చూసి చీమిడిలోకి లక్షలకొద్దీ సూక్ష్మ సంచులు వదులుతాయి. వైరస్ కణాన్ని వదిలి ఆ సంచులకి అతుక్కుంటుంది. చల్లబరిచిన కణాల్లో ఆ సంచులు దాదాపు 42 శాతం తగ్గాయి. లోపల వైరస్‌ని అణిచే సరుకు కూడా తగ్గింది.

తీర్పు: వైరస్ లేకుండా చలి ఒక్కటే జలుబు తేలేదు. వైరస్ అప్పటికే ముక్కులో ఉంటే చలి దానికి ఊతమిచ్చే అవకాశం ఉంది. మామయ్య గారూ, అమ్మగారు టోపీకి బదులు ముక్కుకి మఫ్లర్ కట్టుకోమని ఉంటే పూర్తి మార్కులు వేసేవాణ్ని.

చిత్రాన్నం చిట్టి | 2:02

బ్రిటన్‌లో చేసిన కార్డిఫ్ స్టడీ వదిలేశారేంటి? 2005లో 180 మందిని తీసుకుని సగం మంది కాళ్లు 20 నిమిషాలు చన్నీళ్లలో పెట్టించారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో ఆ 90 మందిలో 13 మంది జలుబు చేసిందన్నారు, మిగతా 90 మందిలో ఐదుగురే. కాళ్లు తడిస్తే రొంప పడుతుందని మా అమ్మమ్మ చెప్పింది ఇదే కదా.

ల్యాబ్ కోటు | 2:40

కావాలనే వదిలేశాను. అందులో ఎవరి ముక్కులోనూ వైరస్ ఉందో లేదో పరీక్షించలేదు. లక్షణాలు వాళ్లు చెప్పిందే లెక్క. కాళ్లు చల్లబడితే ముక్కులో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అప్పటికే దాగిన వైరస్ పైకొస్తుంది అని వాళ్ల ఊహ. అది తప్పని నేననను. కానీ సాలిస్‌బరీలో లాగా వైరస్ ఎక్కించి మరీ చూసిన పరీక్షకీ దీనికీ ఒకే తూకం వేయలేం.

బడిపంతులు | 4:15

మా ఊళ్లో అసలు అంత చలే ఉండదు. అయినా జూన్‌లో బడి తెరిచిన రెండు వారాల్లో తరగతి మొత్తం చీదుతూ ఉంటుంది. వానలు ఒక పక్క, బెంచీకి నలుగురు ఒక పక్క.

ల్యాబ్ కోటు | 4:50

అదే పెద్ద కారణం పంతులు గారూ. అమెరికాలో కూడా సెప్టెంబరులో బళ్లు తెరవగానే రైనోవైరస్ ఎగబాకుతుంది, అప్పటికి చలి మొదలవదు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. పెద్దలకి రెండు మూడు.

మల్లెపందిరి | 8:30

మా పాపకి ఐదేళ్లు, ఆస్తమా ఉంది. మిగతా పిల్లలకి ముక్కు కారి పోతుంది, దీనికి మాత్రం ప్రతిసారీ నెబ్యులైజర్ దాకా వెళ్తుంది. జలుబు అనగానే నాకు టెన్షన్. ఇది కూడా కణాల్లో తేడానేనా?

ల్యాబ్ కోటు | 9:12

కొంతవరకు అవునమ్మా. మొన్న సీ రకం వైరస్ సీడీహెచ్‌ఆర్3ని పట్టుకుంటుందని రాశాను. ఆ ప్రొటీన్ వైరస్‌కి రిసెప్టర్ అని, అంటే పట్టు దొరికే చోటని, తెలియకముందే, 2014లో, డెన్మార్క్ పిల్లల్లో ఆ జన్యువులో ఒక చిన్న మార్పుకీ చిన్నతనంలో ఆసుపత్రిలో చేరేంత తీవ్రమైన ఆస్తమాకీ సంబంధం కనిపించింది. ఆ మార్పు ఉంటే కణం ఉపరితలం మీద ఆ ప్రొటీన్ ఎక్కువ చేరుతుంది, వైరస్‌కి తలుపులు ఎక్కువన్నమాట. మరుసటి ఏడాది సీ రకం దాన్నే వాడుతుందని తేలింది. రెండూ ఇలా కలవడం మా రంగంలో అరుదు.

ఆస్తమా ఉన్నవాళ్ల శ్వాసనాళ కణాల్లో ఇంటర్‌ఫెరాన్ తక్కువగా, ఆలస్యంగా వస్తుందని కూడా 2005 నుంచి కొన్ని పరిశోధనలు చెప్పాయి. అందరిలోనూ అలా కనపడలేదు కాబట్టి పాప విషయంలో అదే అని చెప్పలేను. ఇన్‌హేలర్ రోజూ వాడమని రాసి ఉంటే బాగున్న రోజుల్లో మానొద్దు. దానివల్ల పొర వాపు తక్కువుంటుంది, జలుబు వచ్చినా కిందికి దిగి ఇబ్బంది పెట్టడం తగ్గుతుంది. జలుబు మొదలవగానే ఏం చేయాలో మీ డాక్టరు దగ్గర కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి.

సెలైన్ సుజాత | 9:20

మల్లెపందిరి గారూ, పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నా, మాట్లాడలేకపోతున్నా ఇక్కడ పోస్టు పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి రండి. రాత్రయినా సరే.

ఇంజినీరు బాబు | గురువారం, ఉదయం 10:10

అయితే సింపుల్ కదా. ఇంటర్‌ఫెరాన్‌నే స్ప్రే చేసి అమ్మితే సరి. ఎవరికీ తట్టలేదా?

ల్యాబ్ కోటు | 1:30

తట్టింది, చేశారు కూడా. ఇంటర్‌ఫెరాన్‌ని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టారు. 1980లలో ముక్కు స్ప్రేగా పరీక్షించారు. ఇంట్లో ఒకరికి జలుబు రాగానే మిగతావాళ్లు కొట్టుకుంటే రైనోవైరస్ జలుబులు నిజంగానే తగ్గాయి. కానీ ఎక్కువ రోజులు వాడితే ముక్కు బిగుసుకుపోవడం, లోపల ఒరిసిపోయి రక్తం కారడం. జలుబు రాకుండా ఉండటానికి జలుబు లాంటిదే తెచ్చుకున్నట్టయింది. జలుబు వచ్చేశాక వాడితే పెద్ద ప్రయోజనం కూడా లేదు, పుణ్యకాలం అప్పటికే దాటిపోతుంది.

పులిహోర పొట్లం | 1:41

దిబ్బడ అంటే గుర్తొచ్చింది. మా రూమ్మేట్‌కి జేబులో పర్సు లేకపోయినా పర్లేదు, ముక్కు చుక్కల సీసా మాత్రం ఉండాలి. జలుబు ఎప్పుడో పోయింది, చుక్కలు పోలేదు.

సెలైన్ సుజాత | 2:15

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ బాపతు చుక్కలు అయ్యుంటాయి. ఉబ్బిన రక్తనాళాల్ని ముడుస్తాయి, అంతే, వైరస్ జోలికి వెళ్లవు. మూడు నుంచి ఐదు రోజులు దాటితే మందు దిగగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్కలు కావాలనిపిస్తుంది. మీ రూమ్మేట్‌ని ఈఎన్‌టీకి చూపించండి, మాన్పించే పద్ధతి ఉంది. ఆవిరి పట్టేవాళ్లకి కూడా ఒక మాట. హాయిగా ఉంటే పట్టండి గానీ పిల్లల్ని మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి. ఒళ్లు కాలిన కేసులు వస్తూనే ఉంటాయి.

చిత్రాన్నం చిట్టి | 5:00

ఒక్క ప్రశ్న. జలుబు ఉన్నప్పుడు ఇంకో వైరస్ సోకితే రెండూ కలిసి వీర విహారం చేస్తాయా?

ల్యాబ్ కోటు | 6:35

చాలాసార్లు ఉల్టా జరుగుతుంది! రైనోవైరస్ వచ్చి ఇంటర్‌ఫెరాన్ పారిన పొరలో కొన్ని రోజులపాటు ఇంకో వైరస్‌కి చోటు దొరకదు. 2009లో కొత్త స్వైన్ ఫ్లూ యూరప్‌లోకి వచ్చినప్పుడు, స్వీడన్, ఫ్రాన్స్‌లలో శరత్కాలపు రైనోవైరస్ జోరుగా ఉన్నన్ని రోజులు ఫ్లూ ఆలస్యమైందని అక్కడివాళ్లు గమనించారు. 2020లో ఫాక్స్‌మన్ వాళ్లు కప్పుల్లో పెంచిన కణాలకి ముందు రైనోవైరస్, మూడు రోజుల తర్వాత ఫ్లూ వేసి చూస్తే ఫ్లూ దాదాపు పెరగలేదు. ఇంటర్‌ఫెరాన్ దారి మూసేస్తే మళ్లీ పెరిగింది. తర్వాత కోవిడ్ వైరస్‌తోనూ అలాంటి ఫలితమే వచ్చింది.

అలాగని జలుబు తెచ్చుకోవడం కోసం ఎవరూ పక్కింటి పిల్లాణ్ని ముద్దాడకండి.

కాకినాడ కాజా | 9:05

అందరికీ నమస్కారం. అత్తయ్యగారికి డాక్టరు ఇన్‌హేలర్ రాశారు, కుదుటపడ్డారు. ఇన్ని చదివాక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. మా ఆవిడకి తొందరగా పారిన ఇంటర్‌ఫెరాన్ నాకెందుకు పారలేదు? దానికి మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

ల్యాబ్ కోటు | 10:20

మీ ఆవిడకి ఇంతకుముందు అదే రకం సోకి యాంటీబాడీలు మిగిలి ఉండొచ్చు, అప్పుడు అసలు పందెమే లేదు. ఎంత వైరస్ లోపలికి వెళ్లిందన్నది ఇంకో లెక్క. సిగరెట్ తాగితే శైలికలు దెబ్బతింటాయి, పొగ తగిలిన కణాల్లో ఇంటర్‌ఫెరాన్ స్పందన కూడా తగ్గుతుంది. మీరు తాగుతారో లేదో నేను అడగట్లేదు.

నిద్ర గురించి మాత్రం అడుగుతాను. అమెరికాలో 164 మందికి వారంపాటు నిద్ర కొలిచి, తర్వాత ముక్కులో రైనోవైరస్ చుక్కలు వేశారు. ఆరు గంటల కంటే తక్కువ పడుకున్నవాళ్లకి జలుబు వచ్చే అవకాశం, ఏడు గంటలు దాటి పడుకున్నవాళ్లతో పోలిస్తే నాలుగు రెట్లకి పైగా ఉంది. అంతకుముందు సాలిస్‌బరీలో సుమారు 400 మంది మీద చేసిన పరీక్షలో మానసిక ఒత్తిడి పెరిగేకొద్దీ జలుబులు పెరిగాయి. విటమిన్ సీ రోజూ వేసుకుంటే పెద్దల్లో జలుబు వ్యవధి సుమారు 8 శాతం తగ్గుతుంది. వారం రోజుల జలుబులో అది సగం రోజు. జలుబు వచ్చాక మొదలుపెడితే అది కూడా నమ్మకంగా చెప్పలేం.

మిన్నియాపోలిస్ మామయ్య | 10:41

ఇన్ని తెలిసీ టీకా ఎందుకు లేదండీ? చంద్రుడి మీదికి వెళ్లొచ్చాం.

ల్యాబ్ కోటు | 11:02

చంద్రుడు ఒక్కడే కదా సార్, ఇవి 160 దాటాయి. ఒకదానికి పుట్టిన యాంటీబాడీ ఇంకోదాన్ని సరిగా పట్టదు. 2016లో అట్లాంటాలో 50 రకాల్ని చంపి ఒకే టీకాలో కలిపి కోతులకిచ్చారు. దాదాపు అన్నిటికీ యాంటీబాడీలు వచ్చాయి, కాబట్టి అసాధ్యమేమీ కాదు. అయితే అందులో సీ రకం లేదు. ల్యాబ్‌లో పెంచే మామూలు కణాల్లో అది పెరగనే పెరగదు. పెంచాలంటే శైలికలు మొలిచిన కణాలే కావాలి, అంటే మళ్లీ నాలుగు వారాల కప్పులే.

మోడరేటర్ | 11:15

దుమ్ము అలర్జీ, సైనస్ ఆపరేషన్ గురించి అడిగినవాళ్ల పోస్టుల్ని ‘చెవి–ముక్కు–గొంతు’ విభాగంలో కొత్త థ్రెడ్‌కి మార్చాను. ల్యాబ్ కోటు గారూ, వీలైతే అక్కడికి కూడా ఒకసారి రండి.